పో అంటే ఎగిరే పిట్ట

పంచాయతీ ఓట్లు వచ్చాయి కాబట్టి తుపాకీ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. ఓట్లు వస్తే లైసెన్సు ఉన్నవాళ్లందరం చేసే పనే ఇది. తుపాకీ అప్పగించి రసీదు తీసుకోవాలి, లెక్కింపు అయ్యాక వెళ్లి తెచ్చుకోవాలి. వరసలో నా వెనక నిలబడ్డ రైతు పెద్దమనిషి నా తుపాకీని చాలాసేపు చూశాడు. అది మధ్యకు మడిచి ఉంది. గొట్టాలు ముందుకు వాలి నా మోచేతి మీద వేలాడుతున్నాయి. ఆయన ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఏమైంది సేటు, ఇరిగిందా?"

"ఇరగలే పెద్దనాయనా. నేనే ఇరిచిన."

"మంచిగున్నదాన్ని ఎందుకు ఇరిచినవ్?"

చెప్పబోతే నవ్వొచ్చింది. రెండు గొట్టాల తుపాకీని మధ్యలో మడిస్తే లోపల తూటా ఉన్నదీ లేనిదీ ఎదుటివాడికి కనిపిస్తుంది. దాన్నే మేం విరవడం అంటాం. మూసిన తుపాకీతో ఎదురైతే నమస్తే కూడా తీసుకోని మనిషి దగ్గర నేను ఈ విద్య నేర్చుకున్నాను. ఆయన ఈ వానాకాలంలో నిద్రలోనే పోయాడు. ఆయన లేకుండా ఓట్లు రావడం ఇదే మొదటిసారి.

ఆయన హైస్కూల్లో డ్రిల్లు సారు. రిటైరయ్యాక కూడా మా అందరికీ సారే. చేవెళ్ల నుంచి మొయినాబాద్ వెళ్లే దారిలో సురంగల్ వైపు తిరిగితే, పంటకు పనికిరాని ఒక రాళ్ల భూమి ఉంది. దాన్ని కౌలుకు తీసుకుని మేం కొంతమందిమి మట్టి పిట్టలు కొట్టే క్లబ్బు నడుపుతున్నాం. పిట్ట అంటే నిజం పిట్ట కాదు. టీ సాసరంత ఉండే నారింజ రంగు మట్టి బిళ్ల. గుంటలో దాచిన మిషిన్ దాన్ని గుట్ట వైపు విసురుతుంది. కొట్టేవాడు చెంపను తుపాకీకి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక కేక వేయాలి. కేక వినగానే వెనక నిలబడ్డ మనిషి బటన్ నొక్కుతాడు, బిళ్ల ఎగురుతుంది. ఆ బటన్ సారు మెడలో ఉండేది. ఇన్నేళ్లు విజిల్ వేలాడిన చోటు ఖాళీగా ఉంటే తోచదని, బటన్‌ను బూటు లేసుకు కట్టి వేసుకునేవాడు.

నా సంగతి కూడా చెప్పాలి. చేవెళ్లలో మాకు బట్టల దుకాణం. తాతగారు పట్నం నుంచి సరుకు తెచ్చే రోజుల్లో తీసుకున్న లైసెన్సు చేతులు మారి నాదాకా వచ్చింది. తుపాకీని బీరువాలో పెట్టి పూజ చేయడం తప్ప మా ఇంట్లో ఎవరూ పేల్చిన పాపాన పోలేదు. నేను క్లబ్బులో చేరిన రోజు సారు నన్ను ఎగాదిగా చూసి, "గజం కొలిచే చెయ్యి, పిట్టను ఏం కొలుస్తది?" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు నన్నే సెక్రటరీని చేశాడు. దుకాణంలో ఎప్పుడు పడితే అప్పుడు దొరుకుతానన్నదే నా అర్హత.

ఆదివారం తప్ప ఇంకో రోజు పిట్టలు ఎగరవు. ఆదివారమైనా చర్చిలో ఆరాధన ముగిసి సారు వచ్చిన తర్వాతే. అప్పటికి ఎండ నడినెత్తికి వస్తుంది. పొద్దున్నే పెట్టుకుందామని మేం బతిమాలని ఆదివారం లేదు. "దేవునికి టైం ఇచ్చిన. మీకు మిగిలింది ఇస్త" అనేవాడు. చర్చికి వేసుకున్న తెల్ల చొక్కాతోనే వచ్చి, చేతులు మడిచి, దూది కట్ట తీసేవాడు. ప్రతి ఒక్కరి చెవిలో దూది ఉండాల్సిందే. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరర్ మేడం, ప్రొద్దుటూరు నుంచి పాల వ్యాన్‌లోనే దిగే యాదన్న, నేను, ఇంకో నలుగురైదుగురం, స్కూలు పిల్లల్లా వరసకట్టి చెవులు చూపించేవాళ్లం. ఆయన చెవుల్లో మాత్రం దూది ఉండేది కాదు. అడిగితే, "నేను గూడ పెట్టుకుంటే మీ కేక ఎవడింటడు?" అనేవాడు. మాకు సబబుగానే తోచేది. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం అన్ని తుపాకుల పక్కన ఒట్టి చెవులతో నిలబడ్డాడు. ఆ సంగతి మాలో ఎవరమూ ఆలోచించలేదు.

ఆ కేక గురించి ఒక కథ ఉంది. మొదట్లో మేం అందరూ అన్నట్టే "పుల్" అనేవాళ్లం. రాళ్ల భూమి అవతల కలుపు తీసే ఆడవాళ్లకు అది "ఫుల్" అని వినిపించింది. మొయినాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లలో ఆదివారం ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. డ్రిల్లు సారు చర్చి నుంచి నేరుగా తాగుబోతుల జమాతులో కలిసి, క్వార్టర్లు హాఫ్‌లు కాదు, ఏకంగా ఫుల్లుల మీద ఫుల్లులు తెప్పిస్తున్నాడని ఒక అవ్వ పాస్టరుగారి దగ్గర కంటనీరు పెట్టుకుంది. పాస్టరుగారు మనిషిని పంపించి విచారించారు. సారు ఆ ఆదివారం ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు.

"ఇయ్యాల్టి నుంచి ఎవడు పుల్లు అనొద్దు."

"మరేమనాలె సార్?" అన్నాడు యాదన్న.

"పిట్ట పోవాలె గదా. పో అను."

అప్పటినుంచి మా క్లబ్బులో పిట్ట "పో" అంటేనే ఎగురుతుంది. పట్నం నుంచి వచ్చిన ఒక షూటరు మొదటిసారి ఆ కేక విని తనను పొమ్మంటున్నారనుకుని నొచ్చుకున్నాడు. ఆయనకు సర్ది చెప్పడానికి నాకు రెండు చాయలు ఖర్చయ్యాయి.

పిట్ట తప్పితే సారు ఒకటే మాట అనేవాడు, "ఎనుకబడ్డవ్." ఎగిరే పిట్టను చూస్తూ కొడితే గుండు దాని వెనక్కి పోతుంది, దానికంటే ముందుకు చూపు పెట్టాలి. ఈ మాటను ఆయన మైదానం దాటించి ఎక్కడికైనా తీసుకెళ్లేవాడు. నేను ఫలానా చోట ప్లాటు కొందామనుకుంటున్నానంటే, "అది ఎప్పుడో ఎగిరిపోయింది. ఎనుకబడ్డవ్ సేటు" అనేవాడు. లెక్చరర్ మేడం తన తమ్ముడికి ఇంకా సంబంధం కుదరలేదంటే కూడా అదే తీర్పు. ఆమె ఒకసారి కోపం తెచ్చుకుని రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చినప్పుడు ఆయన ఆమె తుపాకీ విరిచి ఉండటం చూసి, చేతులెత్తి నిండుగా నమస్తే పెట్టాడు. ఆయన దగ్గర క్షమాపణ అంటే అదే.

ఓట్ల నెల వస్తే మిగతా క్లబ్బులు తాళం వేసుకుంటాయి. మాది వేసుకోదు. తుపాకులన్నీ స్టేషన్లో ఉన్న ఒక ఆదివారం సారు చర్చి నుంచి వచ్చి, ఖాళీ చేతులతో కూర్చున్న మమ్మల్ని చూసి, "తుపాకి పోతే చూపు గూడ పోయిందా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఓట్ల నెలలో మేం కట్టెలతో కొట్టడం మొదలైంది. యాదన్న గేదెల్ని అదిలించే కర్ర తెస్తాడు. మేడం గొడుగు తెస్తుంది. నేను దుకాణంలోని ఇనుప మీటరు కడ్డీ తెస్తాను. దాన్ని చెంపకు ఆనించి "పో" అంటే నిజం పిట్టే ఎగురుతుంది. కడ్డీతో దాని వెంట తిరిగి, ఉత్త వేలిని ముడిస్తే, వెనక నుంచి సారు తీర్పు వినిపిస్తుంది. "కొట్టినవ్." "ఎనుకబడ్డవ్." "చెంప లేపినవ్." పేలని తుపాకీ గుండు ఎక్కడికి పోయిందో ఆయనకు ఎలా తెలిసేదో గానీ, మేం ఆ తీర్పుల మీద కొట్టుకునేవాళ్లం. గొడుగుతో కొట్టిన పిట్ట పగిలిందని మేడం, పగల్లేదని యాదన్న, అసలు పిట్ట గుట్ట కింద గడ్డిలో నిమ్మళంగా పడి ఉండగా గంటసేపు వాదించుకున్నారు. నిజం చెప్పాలంటే మా క్లబ్బులో అన్నిటికంటే నవ్వులు పూసే ఆదివారాలు అవే.

అలాంటి ఒక ఓట్ల నెలలోనే, మూడేళ్లు కాలేదింకా, ఆ సంగతి జరిగింది.

నా వంతు వచ్చింది. కడ్డీ చెంపకు ఆనించాను. ఊపిరి బిగబట్టాను. "పో" అనబోతుండగా ఎడమ వైపు తుప్పల్లోంచి ఒక అవ్వ, నెత్తి మీద గడ్డి మోపుతో, సరిగ్గా పిట్ట పోయే దారిలోకి నడిచి వచ్చింది. నేను నోరు మూసుకున్నాను. పిట్ట ఎగిరింది.

అవ్వ నెత్తి మీదుగా, మోపుకు మూరెడు ఎత్తులో అది దూసుకుపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. నా చేతులు కడ్డీని పిట్ట వెంట తిప్పాయి. నా వేలు ముడుచుకుంది. అవ్వ అక్కడ ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా వేలు ముడుచుకుంది. ఏళ్లుగా పిట్ట ఎగరడం, వేలు ఘోడాను, అంటే ట్రిగ్గర్‌ను, నొక్కడం ఒకటే పనిగా అలవాటైపోయిన ఒళ్లు అది. నా చేతిలో ఉన్నది ఇనుప కడ్డీ కాబట్టి, దానికి ఘోడా లేదు కాబట్టి, ఏమీ కాలేదు.

"ఎనుకబడ్డవ్ సేటు," అన్నాడు వెనక నుంచి సారు.

నేను కడ్డీ దించాను. అప్పుడు ఆయనకు అవ్వ కనిపించింది. బటన్ మెడలోంచి తీసి చేత్తో పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నా మొహంలోకి, నా పెదవుల వైపు చూస్తూ అడిగాడు.

"పో అన్నవా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"అనలే?"

"అనలే సార్. అవ్వ వచ్చిందని ఆగిన."

ఆయన అవ్వ దగ్గరికి నడిచి వెళ్లాడు. ఆమె మోపు దించి ఆయన చేతిలో పెట్టింది. చేను గట్టు దాకా దాన్ని ఆయనే మోశాడు. తిరిగి వచ్చి, "బ్యాటరీ దిగింది. ఇయ్యాల్టికి చాలు" అని మిషిన్ మీద గోనెపట్టా కప్పేశాడు. ఆ పొద్దునే బ్యాటరీ నింపి తెచ్చింది నేనే. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఇంటికి వస్తూ దారిలో బండి ఆపి ఒక చాయ హోటల్ ముందు కూర్చున్నాను. ఇది మామూలు ఆదివారం అయి ఉంటే నా చేతిలో తుపాకీ ఉండేది. ఓట్లు పెట్టిన వాళ్లందరికీ మనసులోనే దండం పెట్టుకున్నాను. అప్పుడు ఒక్కొక్కటీ తెలియవచ్చింది. సారుకు మా కేకలు వినబడటం లేదు. ఆయన చెంపను చూసి బటన్ నొక్కుతున్నాడు. చెంప ఆనించాక ఎవరెంత ఆగి కేకేస్తారో ఆయనకు కంఠతా వచ్చు. మాలో ఒక్కరమైనా కేక వేయకుండా ఆగిన రోజు లేదు కాబట్టి బయటపడలేదు. ఎన్నాళ్ల నుంచో ఎవరికి తెలుసు.

లెక్కింపు అయిపోతే తుపాకులు తిరిగి వస్తాయి. అప్పుడు కూడా ఆ బటన్ ఆయన మెడలోనే ఉంటే, ఏదో ఒక ఆదివారం ఒక మనిషి ప్రాణం పోతుంది. ఆ బటన్ ఆయన మెడలోంచి తీస్తే ఆయనకు ఇంకేం మిగులుతుంది? సెక్రటరీని నేను. చెప్పాల్సింది నేనే.

చెప్పడానికని ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. సారు పెరట్లో జామచెట్టు కొమ్మలు కొడుతున్నాడు. అమ్మ, అంటే సారు భార్య, నాకు చాయ తెచ్చి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. నేనేమీ అడగలేదు. ఆమే మొదలుపెట్టింది.

"చర్చిల పాట అయిపోతది బిడ్డా. అందరు కూసుంటరు. ఈయన ఒక్కడు నిలవడి పాడుతనే ఉంటడు. నేను చొక్కా గుంజి కూసోవెడుత."

"డాక్టరుకు చూపియ్యలేదా అమ్మా?"

"చెప్తే ఇనడు." మళ్లీ తనే అంది, "ఇనడో, ఇనవడదో, నాకే సమజైతలేదు. నువ్వు జర చెప్పు."

సారు జామకాయలతో లోపలికి వచ్చాడు. నా ఒళ్లో నాలుగు పోశాడు. దుకాణం గురించి అడిగాడు, వానల గురించి అడిగాడు, నా జవాబుల కోసం నా మొహాన్నే చూశాడు. నేను జామకాయలు తీసుకుని వచ్చేశాను.

తుపాకులు తెచ్చుకోవచ్చని కబురు వచ్చింది. మరునాడు ఆదివారం. ఆ శనివారం మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, సారే దుకాణం మెట్లెక్కి వచ్చాడు.

"ఎర్ర గుడ్డ కావాలె సేటు. దూరం నుంచి కండ్లల్ల పడాలె."

"ఎందుకు సార్?" అన్నాను. ఆయన తానుల వైపు తిరిగి ఉన్నాడు. వినలేదు. నేను మళ్లీ అడగలేదు. ఆయన చూపించిన తాను దించి, మీటరు కడ్డీ పెట్టి కొలవసాగాను. ఆయన గుడ్డను కాక కడ్డీని చూస్తున్నాడు. చెయ్యి చాపి దాన్ని కొస నుంచి కొస దాకా నిమిరాడు.

"గీ కడ్డీ మంచిది. దీనికి ఘోడా లేదు," అన్నాడు.

ఆ రోజు అవ్వ ఎదురుగా ఉండగానే నా వేలు ముడుచుకుందని ఆయన కూడా గ్రహించాడని నాకు అప్పుడు తెలిసింది. నేను తల ఎత్తలేదు, కత్తెర ఆడించాను. ఆయన గుడ్డను మడతపెట్టి చంకలో పెట్టుకుని, మెట్లు దిగుతూ, "రేపు జర జల్ది రా" అన్నాడు.

ఆదివారం నేను వెళ్లేసరికే ఆయన అక్కడ ఉన్నాడు. ఆరాధన పూర్తి కాకుండా వచ్చాడంటే నాకు అదే పెద్ద వింత. గుట్టా, తుప్పలూ, రెండు వైపుల దారులూ కనిపించే మిట్ట మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. దాని పక్కన కర్రకు కట్టిన ఎర్ర జెండా పాతి ఉంది. యాదన్నా మేడమూ మిగతావాళ్లూ తుపాకులు విరిచి పట్టుకుని నిలబడ్డారు. సారు అందరి నమస్తేలూ తీసుకున్నాడు. ఆ తర్వాత మెడలోంచి లేసు తీసి నా మెడలో వేశాడు.

"నాకు ఇనవడతలేదు," అన్నాడు, అందరికీ వినిపించేలా. "శాన దినాలైంది. మొన్న సేటు పో అనకముందే పిట్టను ఇడిచిన. మనిషి బతికింది మన పుణ్యం గాదు, ఓట్ల పుణ్యం. కండ్లు మంచిగనే ఉన్నయి. నేను గా కుర్చీల కూసోని దారి చూస్త. జెండా లేపిన్నంటే ఎవడు తుపాకి ముయ్యొద్దు."

యాదన్న తల దించుకుని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. నా గుండె మీదనుంచి బండ దించినట్టయింది. ఏడుపు కూడా వచ్చింది. ఇన్ని రోజులూ నేను మోసిన మాటను ఆయనే తీసి పక్కన పెట్టాడు.

నేను వెళ్లి ఆయన ఎప్పుడూ నిలబడే చోట, తుపాకుల వెనక నిలబడ్డాను. యాదన్న మొదటి వంతుకు ముందుకు వచ్చాడు. నా చెవుల్లో దూది లేదు. కేక వినాలి కదా. సారు అది చూశాడు. కుర్చీ దాకా పోయినవాడు వెనక్కి వచ్చాడు. జేబులోంచి దూది తీసి, ఉండ చేసి, తన మొద్దు వేళ్లతో నా ఒక చెవిలో కుక్కాడు. నా తల పట్టుకుని తిప్పి రెండో దాంట్లో కుక్కాడు.

"కేక ఎట్ల ఇనాలె సార్?" అన్నాను.

ఆయన తుపాకులు పట్టుకున్నవాళ్ల వైపు తిరిగాడు. బడి మైదానం అవతలి కొసన ఉన్న పిల్లల్ని పిలిచే గొంతుతో అన్నాడు.

"గట్టిగ పిలువుండ్రి. సేటు చెవులల్ల దూది ఉన్నది, ఇయ్యాల్టి నుంచి ఉంటది. నా లెక్క ఇంకొకడు చెవిటోడు కావద్దు."

యాదన్న చెంప ఆనించాడు. ఛాతీ నిండా గాలి పీల్చి "పో" అని అరిచాడు. దూదిలోంచి ఆ కేక నాకు స్పష్టంగా వినబడింది. నొక్కాను. పిట్ట గుట్ట మీదికి లేచి ముక్కలైంది.

మిట్ట మీద నుంచి సారు దాని వైపు చూడలేదు, నా వైపు చూశాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టి, విన్నావా అని సైగ చేశాడు. విన్నానని తల ఊపాను. ఆయన ఎడమ దారి చూశాడు, కుడి దారి చూశాడు, ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపుకున్నాడు. ఆ మైదానంలో ఆయన కూర్చోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.